సందర్శకుల డబ్బు ఎక్కడికి పోతుంది, చెత్త ఎక్కడ ఉంటుంది: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లెక్క

ఉర్సు రోజుల్లో పెనుకొండలో చాయ్ అమ్మే వ్యక్తిని అడగండి, లేపాక్షి నంది దగ్గర కొబ్బరిబోండాలు కొట్టే వ్యక్తిని అడగండి, ధర్మవరంలో పట్టుచీరల షాపు ముందు ఆటో పెట్టుకున్న అబ్బాయిని అడగండి. ముగ్గురూ ఒకే మాట చెబుతారు: "జనం వస్తేనే మాకు బేరం." నిజమే. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు ఊర్లలో బయటి నుంచి వచ్చేవాళ్ల ఖర్చు మీద వేల కుటుంబాల పొయ్యి వెలుగుతుంది. అందులో మన కుటుంబాలూ చాలానే ఉన్నాయి.

కానీ జనం వెళ్లిపోయిన మర్నాడు పొద్దున ఐదు గంటలకు అదే వీధిలో చీపురు పట్టుకున్న పారిశుద్ధ్య కార్మికురాలిని అడిగితే లెక్క వేరేగా ఉంటుంది. సందర్శకులు ఖర్చు పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఊరు దాటిపోతుంది. వాళ్లు వదిలిన చెత్త మాత్రం మొత్తం ఊర్లోనే ఉండిపోతుంది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

సందర్శకుడు అంటే ఎవరు?

ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ లెక్కలో తన మామూలు ఊరు వదిలి వేరే చోటికి ఏడాది లోపు కాలానికి వచ్చినవాళ్లంతా సందర్శకులే. జియారత్ కోసం వచ్చినా, గుడి చూడటానికి వచ్చినా, వ్యాపారం పని మీద వచ్చినా లెక్క ఒకటే. రాత్రి బస చేస్తే పర్యాటకుడు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతే ఒకరోజు సందర్శకుడు.

ఈ తేడా మన ఊర్లకు చాలా ముఖ్యం. బెంగళూరు నుంచి హిందూపురం వంద కిలోమీటర్ల దూరమే. పెనుకొండ 44వ నంబర్ జాతీయ రహదారి మీదే ఉంది. ధర్మవరం రైల్వే జంక్షన్. అంటే రావడం సులువు, తిరిగి వెళ్లిపోవడం అంతకంటే సులువు. రాత్రి ఉండేవాడు లాడ్జికి, రెండు పూటల భోజనానికి, ఆటోకు డబ్బు పెడతాడు. ఒకరోజు వచ్చిపోయేవాడు అందులో సగం కూడా పెట్టడు. కానీ తాగిన నీళ్ల బాటిల్, తిన్న ప్లేటు, చిప్స్ కవరు ఇద్దరివీ సమానమే.

మూడు ఊర్లు, మూడు రకాల రాకపోకలు

హిందూపురం. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు లక్షన్నర మంది ఉన్న పట్టణం. బెల్లం, చింతపండు, మిర్చి, పట్టుగూళ్ల మార్కెట్లకు పేరున్న ఊరు. దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. 16వ శతాబ్దపు వీరభద్ర స్వామి ఆలయం, నేలకు పూర్తిగా ఆనని స్తంభం, సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది అక్కడి ఆకర్షణలు. 2022లో ఈ ఆలయం, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. 2024 జనవరి 16న ప్రధాని మోదీ ఇక్కడికి వచ్చారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లాడ్జి, బస్టాండు, పెద్ద హోటళ్లు హిందూపురంలో ఉన్నాయి. జనం తిరిగేది, తిని పడేసేది లేపాక్షిలో. అంటే వ్యాపారం ఒక చోట, చెత్త ఇంకో చోట.

పెనుకొండ. 2011 లెక్కల్లో దాదాపు 27 వేల జనాభా. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు ఇది రాజధాని. గగన్ మహల్, కోట, షేర్‌ఖాన్ మసీదు ఆ కాలపు గుర్తులు. అన్నింటికంటే జనాన్ని రప్పించేది హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ దర్గా. ఊరి వాళ్లకు బాబయ్య దర్గా. సంప్రదాయం ప్రకారం ఆయన సీస్తాన్ రాజ్యాన్ని వదిలి వచ్చిన సూఫీ. తిరుచిరాపల్లి నత్తర్ వలీ గారి శిష్యుడు. ముస్లింలతో పాటు హిందువులూ పెద్ద సంఖ్యలో వచ్చి చక్కెర చదివిస్తారు. 2019లో పక్కనే కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమయ్యాక పని మీద వచ్చి బస చేసేవాళ్లు కూడా తోడయ్యారు.

ధర్మవరం. లక్షా ఇరవై వేలకు పైగా జనాభా. ఇక్కడికి వచ్చేవాళ్లు చూడటానికి కాదు, కొనడానికి వస్తారు. పెళ్లి కుదిరిందంటే ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని పట్టుచీరల కోసం ధర్మవరం రావడం రాయలసీమలోనూ, పక్కనున్న కర్ణాటకలోనూ మామూలే. ఒక్కో కుటుంబం పెట్టే ఖర్చు పెద్దది. పెళ్లి ముహూర్తాలను బట్టి రద్దీ పెరిగి తగ్గుతుంది.

మూడు వేల రూపాయల్లో ఊరికి మిగిలేది ఎంత?

లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. బెంగళూరు నుంచి ఐదుగురి కుటుంబం కారులో పెనుకొండ వచ్చింది. ఖర్చు ఇలా ఉందనుకోండి: పెట్రోలు 1,200, భోజనం 900, గాజులు, పిల్లల బొమ్మలు 300, చాదర్, పూలు, చక్కెర 300, నజరానా 200, పార్కింగ్ 100. మొత్తం 3,000 రూపాయలు.

పెట్రోలు డబ్బులో బంకు వాళ్ల కమిషన్, పనివాళ్ల జీతం తప్ప మిగతాదంతా ఆయిల్ కంపెనీకి, పన్నులకు పోతుంది. ఊరికి మిగిలేది యాభై రూపాయలు అనుకుందాం. భోజనంలో బియ్యం, నూనె, గ్యాస్ బయటివి. వంటవాడి కూలి, మాంసం, కూరగాయలు, యజమాని లాభం స్థానికం. ఒక ఐదు వందలు ఉంటాయి. బొమ్మలు, గాజులు వేరే రాష్ట్రాల ఫ్యాక్టరీల నుంచి వచ్చినవి. అమ్మినవాడి లాభం ఒక వంద మాత్రమే. చాదర్ బట్ట బయటిదే, పూలు మాత్రం చుట్టుపక్కల రైతువి. నూట యాభై వేసుకుందాం. నజరానా, పార్కింగ్ పూర్తిగా ఇక్కడే. అన్నీ కూడితే 1,100. అంటే మూడో వంతుకు కాస్త పైన.

ఇలా బయటికి జారిపోయే భాగాన్ని ఆర్థిక శాస్త్రంలో 'లీకేజీ' అంటారు. కుండకు చిల్లి ఉన్నట్టే. ఎంత పోసినా, చిల్లి పెద్దదైతే మిగిలేది తక్కువ. ఊర్లో మిగిలిన డబ్బు మాత్రం మళ్లీ తిరుగుతుంది. హోటల్ వంటవాడి కూలి కిరాణా కొట్టుకు, ఆ కొట్టువాడి లాభం టైలర్‌కు, టైలర్ డబ్బు బడి ఫీజుకు చేరుతుంది. కాబట్టి ఎంతమంది వచ్చారు అన్న ప్రశ్నతో పాటు, వాళ్లు కొన్నదాంట్లో మన ఊరి చేతి పని ఎంత అన్నదీ అడగాలి.

ధర్మవరం చీర దీనికి మంచి ఉదాహరణ. పట్టు నూలు ఎక్కువగా కర్ణాటక నుంచి, జరీ సూరత్ నుంచి వస్తాయి. ఆ డబ్బు ఎలాగూ వెళ్తుంది. కానీ చేనేత చీరలో రంగు అద్దకం, ఆసు, అచ్చు, నేత కూలి ఈ ఊరి ఇళ్లకే చేరుతుంది. అదే వేరే ఊరి మరమగ్గం చీరను ధర్మవరం పేరుతో అమ్మితే దుకాణం లాభం తప్ప మిగతాదంతా బయటికే. చీరను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే కేంద్రం చట్టం చేసింది. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కొనేవాళ్లు రెండు గుర్తులు అడగొచ్చు. సిల్క్ మార్క్ అంటే పట్టు స్వచ్ఛమైనదని. హ్యాండ్‌లూమ్ మార్క్ అంటే చేత్తో నేసినదని. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

పన్ను పైకి, చెత్త కిందికి

సందర్శకుడు హోటల్ బిల్లు మీద, చీర మీద జీఎస్టీ కడతాడు. అది కేంద్రానికి, రాష్ట్రానికి చెరి సగం వెళ్తుంది. మునిసిపాలిటీ ఖాతాలో నేరుగా ఒక్క రూపాయి పడదు. పైగా ఏడాదికి సరుకుల అమ్మకం 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటని చిన్న వ్యాపారులు సాధారణంగా జీఎస్టీ పరిధిలోకే రారు. అది న్యాయమే, బండి మీద చాయ్ అమ్మేవాళ్ల మీద పన్ను భారం వేయలేం.

మునిసిపాలిటీకి, నగర పంచాయతీకి సొంత ఆదాయం అంటే ఇంటి పన్ను, నీటి చార్జీలు, ట్రేడ్ లైసెన్సు ఫీజు, మార్కెట్, పార్కింగ్ వేలాలు. వీటిలో ఎక్కువ భాగం కట్టేది ఊర్లో ఉండేవాళ్లే. పైనుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లకు జనాభా లెక్కే ప్రధానం. 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకిచ్చే గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని ముడిపెట్టింది. కానీ ఆ జనాభా అంటే ఇక్కడ ఇల్లున్నవాళ్లు. ఉర్సుకు వచ్చి పోయిన జనం ఏ లెక్కలోనూ ఉండరు.

2021 అక్టోబర్‌లో మొదలైన క్లాప్ కార్యక్రమం కింద రాష్ట్రంలోని పట్టణాల్లో ఇంటింటికీ చెత్త రుసుము వసూలు చేశారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని రద్దును ప్రకటించారు. ఇళ్లకు ఊరట దొరికింది. కానీ చెత్త ఎత్తే ఖర్చు తగ్గలేదు. ట్రాక్టరు డీజిల్, కార్మికుల వేతనం ఎవరో ఒకరు భరించాల్సిందే. సందర్శకుల చెత్తకు అయ్యే ఖర్చు చివరికి ఊరి సాధారణ నిధుల మీదే పడుతుంది. అంటే ఆ డబ్బుతో వేయాల్సిన ఒక వీధి కాలువ ఆగిపోతుంది.

చెత్త ఎంత, ఏ రకం?

మన చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 300 గ్రాముల చెత్త అనుకుందాం. 27 వేల మంది ఉన్న ఊర్లో అది రోజుకు ఎనిమిది టన్నులు. ఒక పెద్ద రోజున ఇంకో 20 వేల మంది వచ్చి అంతే చెత్త వదిలితే, ఒక్కరోజులో ఆరు టన్నులు అదనం. మామూలు రోజుకు సరిపోయే బండ్లు, మనుషులు ఆ రోజు ఎలా సరిపోతారు?

బరువుతో పాటు రకం కూడా మారుతుంది. ఇంటి చెత్తలో ఎక్కువ తడి చెత్త. ఎరువుగా మారుతుంది. సందర్శకుల చెత్తలో మూడు భాగాలు కనిపిస్తాయి.

మొదటిది తిండి: బిర్యానీ ఎముకలు, మిగిలిన అన్నం, కొబ్బరి చిప్పలు, బోండాలు. ఒక్క రాత్రి ఉంటే చాలు, కుక్కలు, ఈగలు చేరతాయి.

రెండోది అమ్ముడుపోయే పొడి చెత్త: నీళ్ల బాటిళ్లు, అట్టపెట్టెలు. ఇవి ఏరేవాళ్ల చేతి మీదుగా గుజరీ కొట్టుకు చేరతాయి. ఏరేవాళ్లకు అదే రోజు కూలి.

మూడోది ఎవరూ కొననిది: చిప్స్ కవర్లు, గుట్కా ప్యాకెట్లు, చక్కెర పొట్లాల పల్చటి సంచులు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ ప్లేట్లు, చాయ్ కప్పులు. కాలువల్లో అడ్డం పడేది ఇదే. తగలబెడితే పొగ పీల్చేదీ ఆ పక్కన ఉండేవాళ్లే.

దర్గాల దగ్గర వాడిన పూలు, పాత చాదర్లు కూడా ఉంటాయి. వాటిని మామూలు చెత్తలో వేయడానికి మనసొప్పదు. అందుకే ఏదో ఒక మూల పేరుకుపోతుంటాయి. పూలను ప్లాస్టిక్ దారం, కవర్ లేకుండా విడిగా సేకరిస్తే చక్కటి ఎరువవుతుంది. మంచి చాదర్లను పేదలకు ఇవ్వవచ్చు.

ధర్మవరంలో సమస్య వేరు. కొన్నవాళ్లు వదిలే కవర్ల కంటే, వాళ్లు కొన్న చీర తయారీలో వచ్చే నీళ్లు పెద్ద విషయం. పట్టుకు ఉండే సహజ బంక పోవడానికి సబ్బు, సోడా నీళ్లలో ఉడికిస్తారు. ఈ పనిలో పట్టు బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఆ బంక, తర్వాత అద్దకం రంగులు నీళ్లలో కలిసి బయటికి వస్తాయి. ఆ నీళ్లను శుద్ధి చేయకుండా వదిలితే కాలువలోకి, చెరువులోకే చేరతాయి. పెళ్లి చీర ఎర్రగా మెరిసిన చోటికి దగ్గర్లోనే కాలువ కూడా ఎర్రగా పారుతుందన్నమాట.

ఉర్సు తేదీ మారుతోంది, గుర్తుంచుకోండి

బాబయ్య ఉర్సు జమాదివుస్సానీ నెలలో వస్తుంది. హిజ్రీ సంవత్సరం చంద్రమానం కాబట్టి ఇంగ్లీషు క్యాలెండర్‌లో ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఇది చలికాలంలో పడుతోంది. 2029, 2030 నాటికి అదే నెల అక్టోబర్‌లోకి వస్తుంది. మన ప్రాంతంలో వానలు ఎక్కువగా పడేవి సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే. చలికాలంలో రోడ్డు పక్కన ఎండిపోయి పడి ఉండే కవరు, వానల్లో కాలువకు అడ్డం పడుతుంది. తడిసిన అన్నం, ఎముకలు రోగాలకు దారి తీస్తాయి. అంటే ఏర్పాట్లు మార్చుకోవడానికి మనకు మూడు నాలుగేళ్ల టైముంది. ఇప్పుడే మొదలుపెడితే మంచిది.

చట్టం ఏం చెబుతుంది?

2026 మార్చి వరకు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా మూడు మాటలు చెప్పాయి. లైసెన్సు లేని స్థలంలో వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే కనీసం మూడు పని దినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలి, తడి, పొడి చెత్త వేరు చేసి అప్పగించే బాధ్యత నిర్వాహకుడిది. వీధి వ్యాపారి తన దగ్గర చెత్త కోసం డబ్బా పెట్టుకోవాలి. రోజుకు సగటున వంద కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, ప్రార్థనా స్థలాల వంటివి 'భారీ ఉత్పత్తిదారు' కిందికి వచ్చేవి, వాటి మీద అదనపు బాధ్యత ఉండేది.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు దేశమంతా నిషేధం. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులకూ అనుమతి లేదు. వీధి వ్యాపారులకు ఇంకో చట్టం అండగా ఉంది. 2014 చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా గుర్తింపు పత్రం తీసుకున్నవాళ్లను శుభ్రత పేరు చెప్పి ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించడం కుదరదు. డబ్బా పెట్టుకోవడం బాధ్యత, స్థలం ఉండటం హక్కు. రెండూ తెలిసి ఉండాలి.

వేరే చోట్ల ఏం చేశారు?

తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లను ఆపేశారు. గాజు సీసాలో నీళ్లు అమ్ముతారు, ఖాళీ సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. కేదార్‌నాథ్‌లో 2022లో ప్లాస్టిక్ బాటిళ్ల మీద క్యూఆర్ కోడ్ అంటించి, తిరిగిస్తే పది రూపాయలు ఇచ్చే పద్ధతి పెట్టారు. దాన్ని నడిపింది హైదరాబాద్ కంపెనీయే. ఇటలీలోని వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో ఒకరోజు సందర్శకుల దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము మొదలుపెట్టింది. రాత్రి బస చేసేవాళ్లు ఎలాగూ బస పన్ను కడతారు కాబట్టి వాళ్లకు ఇది లేదు.

దర్గాకు వచ్చే పేదవాడి మీద ప్రవేశ రుసుము మనకు తగదు. కానీ డిపాజిట్ పద్ధతి తగుతుంది. అందులో ఎవరి డబ్బూ పోదు. బాటిల్ పారేస్తేనే పోతుంది. పారేసిన దాన్ని ఏరి తెచ్చిన పిల్లవాడికి ఆ డబ్బు దొరుకుతుంది.

ఎవరు ఏం చేయవచ్చు?

జియారత్‌కు వెళ్లే కుటుంబం: నీళ్ల డబ్బా, స్టీలు గ్లాసులు, ఒక గుడ్డ సంచి ఇంటి నుంచి తెచ్చుకోండి. చక్కెరను కాగితం పొట్లంలో అడగండి. వీలైతే ఊర్లోనే ఒక పూట భోజనం చేయండి, చుట్టుపక్కల చేసిన వస్తువు ఒకటైనా కొనండి.

దుకాణదారు: డబ్బా పెట్టడం ఖర్చు కాదు, బేరం. ముందు చెత్త కుప్ప ఉన్న కొట్టు దగ్గర ఆడవాళ్లు, పిల్లలు ఆగరు.

నియాజ్, లంగర్ పెట్టేవాళ్లు: వంటకు ఎంత ఖర్చో లెక్కేసేటప్పుడే చెత్త ఎత్తడానికీ కొంత పక్కన పెట్టండి. విస్తరాకులు వాడితే తడి చెత్తలోనే కలిసిపోతాయి. దారిలో అడ్డున్నదాన్ని తీసేయడం సదకా అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. దారిలో పడేయడం ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దర్గా, మసీదు కమిటీలు: వక్ఫ్ సంస్థలు నికర ఆదాయంలో బోర్డుకు కట్టే వాటా గరిష్ఠ పరిమితిని 2025 సవరణ 7 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. ఆ మిగులులో కొంత భాగాన్ని పారిశుద్ధ్యానికి బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టడం మంచి ఆలోచన. ఉర్సుకు నెల ముందే నగర పంచాయతీతో కూర్చుని ఎన్ని బండ్లు, ఎంతమంది మనుషులు, మరుగుదొడ్లు ఎక్కడ అన్నది రాసుకోవాలి.

నగర పంచాయతీ, మునిసిపాలిటీలు: పార్కింగ్, తాత్కాలిక దుకాణాల వేలం డబ్బు ఎంత వచ్చింది, అందులో శుభ్రతకు ఎంత పోయింది అన్నది ఉర్సు తర్వాత బోర్డు మీద రాసి పెట్టాలి. పండగ రోజుల్లో అదనపు షిఫ్టు చేసిన కార్మికులకు అదనపు కూలి, గ్లోవ్స్, బూట్లు ఆ డబ్బులోంచే ఇవ్వాలి. అలాగే లేపాక్షి లాంటి చోట హిందూపురం, లేపాక్షి కలిసి ఖర్చు పంచుకోవాలి. ఎందుకంటే లాభం రెండింటిదీ.

జనం రావాలి. వాళ్లు రావడం మన ఊర్లకు బర్కత్. చాయ్ బండికీ, పూల బుట్టకూ, మగ్గానికీ వాళ్లే ఆధారం. అయితే వచ్చినవాళ్ల డబ్బు ఊర్లో ఎంత నిలిచింది, వాళ్ల చెత్తను ఎవరు ఎత్తారు, దానికి ఎవరు డబ్బు కట్టారు అనే మూడు ప్రశ్నలు ప్రతి ఉర్సు తర్వాత, ప్రతి పెళ్లిళ్ల సీజన్ తర్వాత ఊరి పెద్దలు, కౌన్సిలర్లు అడగాలి. ఆ జవాబులు ఒక కాగితం మీద రాసి పెట్టిన ఊరు, తర్వాతి ఏడాదికి సిద్ధంగా ఉంటుంది.